తనికి లేవకండి బాబూ

పెద్దలకు నమస్కారం. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చారు. అందులో మూడు నా పరిచయానికే సరిపోయాయి. కప్పిన శాలువా మన బరంపురం పట్టేనట, సంతోషం.

'సంగీతం వినడం ఎలా' అని మాట్లాడమన్నారు. రాగాల గురించి కాగితం రాసుకొచ్చాను. మోహనంలో మధ్యమం, నిషాదం ఉండవు, అలా మొదలవుతుంది. దాన్ని జేబులో పెట్టేశాను. నిన్న రాత్రి కచేరీలో మృదంగం ఆయన తని ఆవర్తనం, అదే, పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే భాగం, అందుకోగానే ఆరు వరుసలు ఖాళీ! కాఫీ దగ్గర మాత్రం క్యూ. నాకు ఒళ్లు మండిపోయింది.

మా మావయ్య బట్టలకొట్లో గుమాస్తా. పాడడం రాదు. రాత్రి భోజనాలయ్యాక రేడియోలో విజయవాడ పెట్టేవాడు. అది మా ఇంట్లో వచ్చేది, పోయేది. పల్లవి సగంలో ఉండగానే గరగర. నేను ముల్లు జరపబోతే చేతిమీద ఒక్కటిచ్చేవాడు. 'ఉండరా, తాళం వెయ్యి.' ఆదితాళం. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు. ఎనిమిది. అదొక ఆవర్తం. ఆ గరగరలోనే నాలుగైదు ఆవర్తాలు వేసేవాళ్లం. పాట తిరిగొచ్చేసరికి ఆయన చెయ్యి ఉండాల్సిన చోటే ఉండేది. నాది రెండు వేళ్లు ముందుండేది. 'పరిగెత్తావు' అనేవాడు, అంతే.

తని కూడా అదే కదండీ! పాట ఆగుతుంది, తాళం ఆగదు. మృదంగం ముగింపు దెబ్బలు, ముక్తాయింపు, పడ్డాక పాట మళ్లీ తన ఎత్తుగడ దగ్గర అందుకుంటుంది. ఆ క్షణానికి మీరేమో చక్కెర తక్కువైందంటూ బయట ఉంటారు.

మా మనవలు తెలుగు చదవలేరు, ఒడియా, ఇంగ్లీషే. కృతికి అర్థం తెలీదు తాతా అంటారు. జయదేవుడి అష్టపది వినిపిస్తే ఈ ఊళ్లో ఆగని వాడెవడు? సంస్కృతం ఎంతమందికొచ్చు? ఇవాళ పొద్దున్న పాడిన త్యాగరాజుగారి పంచరత్న కృతులు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, రాగాలు ఐదు, తాళం మాత్రం ఆదితాళమొక్కటే. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు, ముందు వేళ్లు కదపండి.

కాఫీ అబ్బాయికి చెప్పొచ్చాను, తని అయ్యేదాకా మూత తీయడు. మూడో వరుసలో అమ్మా, చెయ్యి తొడమీద పెట్టండి. కుడిది, కుడిది. ఆఁ. దెబ్బ...