ఉరికీ యావజ్జీవానికీ మధ్య

శ్రోతలకు నమస్కారం.

ఒక ఘోరం జరుగుతుంది. నేరం రుజువవుతుంది. కోర్టు యావజ్జీవ కారాగార శిక్ష విధిస్తుంది. వెంటనే వినిపించే మాట, 'అంతేనా?' ఉరి వేస్తేనే న్యాయం జరిగినట్టు, లేకపోతే దోషి బతికి బయటపడ్డట్టు మాట్లాడుకుంటాం. ఉరిశిక్ష వద్దనేవాళ్లు కూడా చాలాసార్లు ఈ లెక్కనే ఒప్పుకుని, కాస్త దయ చూపమని అడుగుతారు. నాకు ఆ లెక్క మీదే అనుమానం.

మరణశిక్షను రద్దు చేయాలని గట్టిగా వాదించిన తొలితరం ఆలోచనాపరుల్లో ఇటలీకి చెందిన చెజారే బెక్కరియా ఒకరు. 1764లో ఆయన రాసిన చిన్న పుస్తకం యూరప్ అంతటా చదివారు. హత్యను అసహ్యించుకునే చట్టం, హత్య చేయవద్దని చెప్పడానికి తానే బహిరంగంగా హత్య చేయడం ఎంత విడ్డూరం అన్నాడాయన. ఈ మాట అందరూ గుర్తుచేస్తారు. దాని పక్కనే ఆయన అన్న ఇంకో మాటను అంతగా తలచుకోరు. ఉరి ఒక్క క్షణంలో ముగిసిపోతుంది, జీవితాంతం బందీగా చాకిరీ చేసే మనిషి మాత్రం చూసేవాళ్లకు ఎప్పటికీ హెచ్చరికగా ఉంటాడు, అందుచేత జనాన్ని ఎక్కువగా భయపెట్టేది రెండోదే అన్నాడు. దయామయుడని మనం అనుకునే మనిషి వాదంలో దయ పాలు అంత పెద్దది కాదు.

సరిగ్గా ఈ సంగతినే పట్టుకుని అటువైపు నుంచి వాదించినవాడు జాన్ స్టువర్ట్ మిల్. స్వేచ్ఛ గురించి అంత లోతుగా రాసిన ఈ తత్వవేత్త 1868లో బ్రిటన్ పార్లమెంటులో లేచి ఉరిశిక్షను సమర్థించాడు. బతికుండగానే మనిషిని సమాధి చేసి, వెలుగూ ఆశా లేకుండా ఏళ్ల తరబడి కఠిన శ్రమ చేయించడం కంటే ప్రాణం తీయడమే తక్కువ క్రూరం అని ఆయన ఉద్దేశం. అంటే యావజ్జీవమే కఠినమన్న ఒకే పరిశీలన నుంచి ఇద్దరూ బయలుదేరారు, ఎదురెదురు గమ్యాలు చేరారు. 2007లో ఇటలీలో మూడు వందల మందికి పైగా యావజ్జీవ ఖైదీలు, రోజూ కొంచెం కొంచెంగా చావడం తమవల్ల కాదని, తమ శిక్షను మరణశిక్షగా మార్చమని దేశాధ్యక్షుడికి లేఖ రాశారు. మిల్ ఊహించి చెప్పినదాన్ని వాళ్లు అనుభవించి చెప్పారు.

కాబట్టి ఏది ఎక్కువ శిక్ష, ఏది తక్కువ అన్న కొలతతో ఈ సమస్య తెగదు. ఉరి భయంతో హత్యలు తగ్గుతాయా అన్న వాదన మీద కూడా ఎక్కువసేపు ఆగను. అమెరికాలో జాతీయ పరిశోధన మండలి 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, అవి ఉరి హత్యలను తగ్గిస్తుందనడానికీ, పెంచుతుందనడానికీ, ఏ ప్రభావమూ లేదనడానికీ పనికిరావని తేల్చింది.

ఇక ప్రతీకారం. చంపినవాణ్ణి చంపాలనిపించడం ఆటవికమని కొట్టిపారేసే మర్యాదస్తుల ధోరణి నాకు నచ్చదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ కోపం ఉండకూడదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. జర్మన్ తత్వవేత్త ఇమాన్యుయెల్ కాంట్ అయితే దాన్ని కోపంగా కూడా చూడలేదు, కర్తవ్యం అన్నాడు. ఒక దీవిలోని జనమంతా విడిపోయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నా సరే, చెరసాలలో మిగిలిన ఆఖరి హంతకుణ్ణి ఉరితీశాకే కదలాలి అన్నాడు. కొన్ని నేరాల గురించి చదివినప్పుడు 'వీడికి చావే తగినది' అని నాకూ అనిపిస్తుంది. అయితే అతనికి ఏది తగును అన్నది ఒక ప్రశ్న, దాన్ని నిర్ణయించి అమలు చేసే యంత్రాంగం ఎటువంటిది అన్నది మరో ప్రశ్న. కాంట్ దీవిలో హంతకుడెవరో అందరికీ ముందే తెలుసు. మన కోర్టుల్లో అది సాక్షులు చెప్పాలి, పోలీసులు నిరూపించాలి, జడ్జి నమ్మాలి.

లండన్‌లో 1949లో తిమోతీ ఎవాన్స్ అనే యువకుడి భార్యా, పసికూతురూ ఇంట్లోనే హత్యకు గురయ్యారు. ఎవాన్స్ చదువు లేనివాడు, వ్యాన్ డ్రైవరు. పోలీసుల ముందు ఒకదానితో ఒకటి పొసగని వాంగ్మూలాలు ఇచ్చాడు, వాటిలో నేరం ఒప్పుకున్నదీ ఒకటి. కోర్టులో మాత్రం ఈ పని చేసింది కింది వాటాలో ఉండే జాన్ క్రిస్టీ అని మొత్తుకున్నాడు. ఆ క్రిస్టీయే ప్రాసిక్యూషన్‌కు ముఖ్య సాక్షి! నెమ్మదిగా, పద్ధతిగా మాట్లాడే నడివయసు మనిషి. జ్యూరీ అతన్నే నమ్మింది. కూతుర్ని చంపిన నేరం మీద 1950 మార్చిలో ఎవాన్స్‌ను ఉరితీశారు. మూడేళ్లకు అదే ఇంటి వంటగదిలో గోడ కాగితం తొలగిస్తే, వెనక ఉన్న అరలో ఆడవాళ్ల శవాలు బయటపడ్డాయి. క్రిస్టీ వరుస హత్యలు చేసినవాడు. ఎవాన్స్ భార్యను కూడా తానే చంపానని ఒప్పుకున్నాడు. అతన్నీ ఉరితీశారు. ఎవాన్స్‌కు అధికారిక క్షమాభిక్ష 1966లో వచ్చింది. అప్పటికి అతను చనిపోయి పదహారేళ్లు.

నిరపరాధికి ఉరిపడే ప్రమాదం గురించి మిల్‌కు తెలియక కాదు. విచారణ పద్ధతి లోపభూయిష్టంగా ఉన్న దేశాల్లో ఈ అభ్యంతరానికి తిరుగులేదని ఆ ప్రసంగంలోనే ఒప్పుకున్నాడు. ఇంగ్లండ్ విచారణ పద్ధతి మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. ఎవాన్స్‌ను ఉరితీసింది ఆ ఇంగ్లండే.

జపాన్‌లో ఇవావో హకమాదా కథ ఇంకోరకం. ఒకప్పటి బాక్సరు. 1966లో తాను పనిచేసే సంస్థలోని ఒక అధికారి కుటుంబంలో నలుగురు హత్యకు గురైతే అతన్ని అరెస్టు చేశారు. రోజుల తరబడి ప్రశ్నించాక నేరం ఒప్పుకున్నాడు, కోర్టులో కాదన్నాడు. 1968లో మరణశిక్ష పడింది. తీర్పు చెప్పిన ముగ్గురు జడ్జీలలో ఒకరు, అతను నిర్దోషి అని తాను నమ్మాననీ, మిగతా ఇద్దరినీ ఒప్పించలేకపోయాననీ 2007లో బయటపెట్టారు. జపాన్‌లో ఉరి తేదీని ఖైదీకి ముందుగా చెప్పరు, ఆ ఉదయమే చెబుతారు. అంటే ప్రతి ఉదయమూ వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తే, అవి తన గది ముందు ఆగుతాయేమోనని ఊపిరి బిగబట్టాలి. అలా దశాబ్దాలు గడిచాక 2014లో పునర్విచారణకు ఆదేశించి విడుదల చేశారు. 2024 సెప్టెంబరులో నిర్దోషి అన్నారు. రక్తపు మరకల దుస్తుల సాక్ష్యం దర్యాప్తు అధికారులు సృష్టించినదని కోర్టే చెప్పింది. అప్పటికి ఆయన వయసు 88, మనసు చెదిరిపోయి ఉంది. జీవితమంతా తమ్ముడి కోసం పోరాడిన అక్క వయసు 91. తర్వాతి నెలలో ఆ ప్రాంత పోలీసు ఉన్నతాధికారి వాళ్లింటికి వచ్చి, ఇద్దరి ముందూ తలవంచి క్షమాపణ చెప్పారు.

పోయిన యాభై ఏళ్లు కూడా తిరిగిరావు కదా, యావజ్జీవం మాత్రం సరిదిద్దగల శిక్ష ఎలా అవుతుంది అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. పోయిన రోజులు రావు. కానీ పొరపాటు బయటపడిన నాడు తలవంచడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. ఎవాన్స్ విషయంలో బ్రిటన్‌కు ఆ అవకాశం లేదు. నేను ఉరిశిక్షను వ్యతిరేకించేది ఇందుకు. పొరపాటు పడే మనుషులు, వెనక్కి తీసుకోలేని శిక్ష వేయకూడదు.

అయితే ఇదే కారణం యావజ్జీవాన్ని కూడా నిలదీస్తుంది. తీర్పు రోజున మూసిన తలుపును మళ్లీ ఎప్పుడూ తెరిచి చూడబోమంటే, అది మెల్లగా అమలయ్యే మరణశిక్షే. ఆ ఇటలీ ఖైదీల లేఖ చెప్పేదీ ఇదే.

యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లే అన్న నమ్మకం మన దేశంలో బలంగా ఉంది. అది తప్పు. యావజ్జీవం అంటే బతికి ఉన్నంత కాలం అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. కొన్ని తీవ్ర నేరాల్లో 14 ఏళ్లు నిండేదాకా విడుదల గురించి ఆలోచించనే కూడదని చట్టం పెట్టిన కనీస గడువును, జనం మొత్తం శిక్షగా పొరబడ్డారు. ఈ లెక్క కోర్టులనూ ఇబ్బంది పెట్టింది. ఉరి ఎక్కువ, పద్నాలుగేళ్లు మరీ తక్కువ అనిపించినప్పుడు జడ్జి చేయి ఉరివైపు మొగ్గే ప్రమాదం ఉందని సుప్రీంకోర్టు 2008లో గుర్తించి, శిక్ష తగ్గింపుకు వీల్లేని దీర్ఘకాలపు ఖైదు అనే మధ్య మార్గం తీసుకుంది. 2015లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఉరి నుంచి కొందరిని తప్పించిన మార్గమే, కానీ జీవితాంతం తగ్గింపు లేదన్న తీర్పులు కూడా దానివల్లే సాధ్యమయ్యాయి. అందుకే నాకు సగం సంతోషమే.

యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2013లో ఇంకో అడుగు ముందుకు వేసింది. యావజ్జీవ ఖైదీకైనా విడుదలయ్యే అవకాశం, శిక్షను పరిశీలించే ఏర్పాటు ఉండి తీరాలి, లేకపోతే అది అమానుషం అంది. 25 ఏళ్లలోపు ఒక పరిశీలన ఉండాలన్న వైపు మొగ్గింది. పోర్చుగల్ 1884లోనే యావజ్జీవ శిక్షను రద్దు చేసింది.

పరిశీలన అంటే విడుదల కాదు. నార్వేలో 2011లో 77 మందిని పొట్టన పెట్టుకున్న హంతకుడికి 21 ఏళ్ల నిర్బంధం విధించారు. ప్రమాదకారి అనిపించినంత కాలం దాన్ని పొడిగించవచ్చు. పదేళ్లు గడిచాక, చట్టం ఇచ్చిన హక్కుతో అతను పెరోల్, అంటే షరతులతో విడుదల, అడిగాడు. 2022 జనవరిలో విచారణ జరిగింది. నాజీ పద్ధతిలో చేయి చాచి సెల్యూట్ చేస్తూ లోపలికి వచ్చాడు. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు అదంతా భరించాల్సి వచ్చింది, ఈ పద్ధతికి ఉన్న మూల్యం అది, దాన్ని దాచిపెట్టనవసరం లేదు. కోర్టు అతను చెప్పుకున్నదంతా విన్నది, ఇప్పటికీ ప్రమాదకారే అని తేల్చింది, జైలుకు తిప్పి పంపింది.