పార్కు పచ్చగా ఉంది, సరే. ఆ క్రెడిట్ ఎవరిది?

(స్క్రీన్ మీద: పార్కు సరిహద్దు కనిపించే ఉపగ్రహ చిత్రం)

గీతకి లోపల చిక్కటి ఆకుపచ్చ, బయట బోడి నేల. కింద ‘చూశారా, నేషనల్ పార్క్ అడవిని ఎలా కాపాడిందో!’ అని ఒక ముక్క. ఇలాంటి ఫొటో వాట్సాప్‌లో వచ్చిన ప్రతిసారీ నాకు చిరాకు. బొమ్మ నిజమే, దాంట్లోంచి తీసిన లెక్కే తప్పు.

మన ఇంటర్ కాలేజీల ప్రకటనలు తెలుసుగా? ఒకటి, ఒకటి, రెండు, రెండు... ర్యాంకులన్నీ మావే! పదో తరగతిలోనే మెరికల్లాంటి పిల్లల్ని ఏరి, ఫీజు మాఫీ చేసి చేర్చుకున్న సంగతి మాత్రం చెప్పరు. కాలేజీ వాటా ఎంతో తేలాలంటే, అంతే సత్తా ఉండి అక్కడ చేరని పిల్లలతో పోల్చాలి.

పార్కుల కథా అదే. ప్రపంచంలో చాలా పార్కులు ఎత్తైన కొండల మీద, రోడ్డుకి దూరంగా, నాగలి దిగని చోట ఉంటాయి. బోర్డు పెట్టకపోయినా అక్కడ గొడ్డలి పడేది తక్కువే.

కోస్టారికా మీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. 1960 నుంచి 1997 వరకు లెక్క. నేల సాగుకి ఎంత పనికొస్తుంది, రోడ్డు ఎంత దూరం, పట్నం ఎంత దూరం అన్నీ చూసి, రక్షిత అడవికి జోడీగా అలాంటిదే రక్షణ లేని అడవిని వెతికారు. తేలిందేంటంటే, రక్షణ లేకపోతే ఆ అడవిలో సుమారు 10% పోయేది. ఈ తేడాలేవీ చూడకుండా మామూలు పోలికలతో అంచనా వేస్తే, కాపాడిన అడవి ఉన్నదానికంటే 65 శాతానికి పైగా ఎక్కువగా కనిపించింది. 10 అంటే తీసిపారేసేదేం కాదండీ. నేనైతే ఆ 10నే నమ్ముతా.

ఇక గీత అవతల. మార్కులు రాని పిల్లల్ని పక్క కాలేజీకి తోలేస్తే మన పాస్ శాతం పెరుగుతుంది, ఊరి శాతం పెరగదు. పార్కులో ఆగిన గొడ్డలి పక్క అడవిలో పడిందా అని కూడా చూడాలి. కోస్టారికాలో చూశారు, అలా జరిగింది దాదాపు లేదు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి.

ఇంకోటి, పచ్చదనం ఒక్క సబ్జెక్టే. మధ్యప్రదేశ్‌లోని పన్నా టైగర్ రిజర్వ్ చూడండి. 2009 నాటికి అడవి ఉంది, పులి ఒక్కటీ లేదు! వేటగాడి ఉచ్చు ఉపగ్రహానికి ఎక్కడ కనిపిస్తుంది? అందుకే కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు. తర్వాత కన్హా, బాంధవ్‌గఢ్ నుంచి పులుల్ని తెచ్చి వదిలారు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వ్ వైపు నుంచి పులులు మన కవ్వాల్ అడవులకి నడిచి వస్తుంటాయి. ఆ మార్కు తాడోబాకి పడాలి, దారిలో ఉన్న కారిడార్‌కీ, అంటే రెండు అడవుల్ని కలిపే ఆ నడక దారికీ పడాలి. గీత లోపలే లెక్కపెడితే రెండూ పోతాయి.

ఆఖరుది. 2030కల్లా 30% నేల, 30% సముద్రం కాపాడతామని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఎవరికీ అక్కర్లేని కొండలు కలిపినా 30 నిండుతుంది. మీ దగ్గర అడవిలో ఏ ముక్క కలపాలంటారో కామెంట్‌లో రాయండి, పార్కు చుట్టూ ఉండే బఫర్ జోన్ల గొడవ వచ్చే వీడియోలో.