గూడ్స్ బండికి కరెంటు తీగ ఎందుకు లేదు?

దృశ్యం: సనత్‌నగర్ దగ్గర కంటైనర్ రేకు మెల్లగా కదులుతోంది. ఇంజిన్ నుంచి ఆఖరి వ్యాగన్ దాకా కెమెరా తిప్పాలి, కట్ చేయొద్దు.

వాయిస్: ఇది 45 వ్యాగన్ల రేకు, అంటే ఒకే బండిగా కలిపి నడిపే వ్యాగన్ల వరుస. పొడవు 700 మీటర్లకు కాస్త అటూ ఇటూ. పైన 25 వేల వోల్టుల తీగ, ముందు ఇంజిన్ నిండా కంప్యూటర్లు. ఇంజిన్‌ను వ్యాగన్‌తో కలిపే కొక్కెం, అంటే మొదటి కప్లర్ దాటామా, ఇక ఒక్క బల్బు కూడా వెలగదు. ఇంజిన్ నుంచి వెనక్కి వెళ్లేవి రెండే: లాగే బలం, గాలి. వెనక నుంచి ముందుకు వచ్చే కబురు దాదాపు ఏమీ లేదు. పదో వ్యాగన్‌లో బేరింగ్ కాలుతున్నా, ముప్పయ్యో వ్యాగన్‌లో బ్రేకు పట్టేసి ఉన్నా లోకో పైలట్‌కు తెలిసే దారి లేదు. సరుకు రవాణాను డిజిటల్ చేయాలంటే ముందు ఈ ముడి విప్పాలి.

దృశ్యం: యానిమేషన్. యూరప్ వ్యాగన్లు రెండు, మధ్యలో మనిషి.

వాయిస్: యూరప్‌లో గూడ్స్ వ్యాగన్లను ఇప్పటికీ ఎక్కువగా చేత్తోనే కలుపుతారు. వ్యాగన్ల కొసల్లో గుద్దు తట్టుకునే బఫర్ల మధ్యకు వంగి దూరాలి, 20 కిలోలు దాటే ఇనుప లంకెను ఎత్తి ఎదుటి హుక్కుకు తగిలించాలి, స్క్రూ తిప్పి బిగించాలి, తర్వాత గాలి గొట్టం కలపాలి. దీని స్థానంలో తెస్తున్నదే డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్. పొట్టిగా డాక్ అంటారు. మెట్రోల్లో, హైస్పీడ్ రైళ్లలో ఎన్నాళ్లుగానో నడుస్తున్న షార్ఫెన్‌బర్గ్ రకం తలను 2021 సెప్టెంబరులో దీనికి ఖాయం చేశారు.

డాక్‌కు ఐదు మెట్లు. మొదటి మెట్టులో ఇనుము ఇనుముతో కలుస్తుంది. రెండో మెట్టులో గాలి గొట్టం కూడా దానంతటదే కలుస్తుంది. మూడులో కరెంటు, నాలుగులో డేటా. ఐదో మెట్టుకు వచ్చేసరికి విడదీయడం కూడా బటన్‌తోనే.

మొదటి మెట్టు మనం ఎప్పుడో ఎక్కేశాం.

దృశ్యం: మౌలాలి యార్డు. సీబీసీ కప్లర్ క్లోజప్. నకుల్ తెరుచుకోవడం, మూసుకోవడం.

వాయిస్: మన గూడ్స్ వ్యాగన్లకు ఉండేది సెంటర్ బఫర్ కప్లర్, అంటే సీబీసీ. ముడిచిన వేలులా కనిపించే ఈ భాగం నకుల్. ఒక వైపు నకుల్ తెరిచి పెట్టి వ్యాగన్‌ను మెల్లగా ఆనిస్తే చాలు, నకుల్ తిరిగి మూసుకుంటుంది, లోపల లాక్ కిందికి జారి పడుతుంది. విడదీయాలంటే పక్కనున్న ఆపరేటింగ్ హ్యాండిల్ ఎత్తితే లాక్ లేస్తుంది. మనిషి మధ్యలో దూరాల్సిన పని లేదు. కప్లర్ల ఎత్తు మాత్రం ఖాళీ వ్యాగన్‌కు 1105 మిల్లీమీటర్లకు మించకూడదు, లోడు వ్యాగన్‌కు 1030కి తగ్గకూడదు. ఒకటి మరీ పైకి, ఇంకొకటి మరీ కిందికి ఉంటే నకుళ్లకు పట్టు తగ్గిపోయి దారిలో జారే ప్రమాదం ఉంది.

అయితే ఇక్కడే ఆగిపోయాం. కెమెరా కొంచెం కిందికి.

దృశ్యం: గాలి గొట్టాలు, యాంగిల్ కాక్. హ్యాండిల్ మీద ఫోకస్.

వాయిస్: ఆకుపచ్చ రంగుది బ్రేక్ పైపు, తెల్లది ఫీడ్ పైపు. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి, ఫీడ్ పైపులో 6. బ్రేక్ పైపులో ఒత్తిడి తగ్గిస్తే బ్రేకు పడుతుంది. వీటిని కలపడం ఈరోజుకీ చేతి పనే. గొట్టాల కొసలు ఒకదానికొకటి తగిలించి, రెండు వైపులా యాంగిల్ కాక్ అనే కుళాయి తెరవాలి. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు.

గూడ్స్ నడకలో నాకు అన్నిటికన్నా భయంకరంగా కనిపించే తప్పు ఇక్కడే పుడుతుంది. యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ మార్చే షంటింగ్ అయ్యాక ఇరవయ్యో వ్యాగన్ దగ్గర ఒక కాక్ మూసి మరిచిపోయారనుకోండి. ఇంజిన్ గేజీ చక్కగా 5 చూపిస్తుంది. ముందు ఇరవై వ్యాగన్లకు బ్రేకు పడుతుంది, వెనకున్న వాటికి పడదు. అందుకే ఆఖరున గేజీ పెట్టి చూస్తారు. పైకప్పు లేని బాక్స్‌ఎన్ రకం వ్యాగన్లు 56 దాకా ఉన్న రేకులో ఇంజిన్ దగ్గర 5 ఉంటే, తోక దగ్గర కనీసం 4.8 రావాలి. లీకేజీ వల్ల ఒత్తిడి నిమిషానికి 0.25 కంటే ఎక్కువ పడిపోకూడదు. ఈ పరీక్షల కోసం పక్కనే నడుస్తూ పోతే ఒక వైపే 700 మీటర్లు, రెండో వైపు మళ్లీ అంతే. మే నెల ఎండలో బల్లాస్ట్ కంకర మీద ఆ నడక ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

దృశ్యం: యానిమేషన్. పైపులో ఒత్తిడి తగ్గుతూ తోక వైపు పాకుతుంది. పక్కన సెకన్ల లెక్క.

వాయిస్: గాలితో ఇంకో చిక్కుంది. మంజీరా నీళ్లు వదిలాక వీధి చివరి ఇంటికి ఆలస్యంగా వచ్చినట్టే, బ్రేకు కబురు కూడా తోకకు ఆలస్యంగానే చేరుతుంది. పైపులో అది సెకనుకు సుమారు 250 నుంచి 280 మీటర్లు పరుగెత్తుతుంది. అంటే 700 మీటర్ల రేకులో ఆఖరి వ్యాగన్‌కు రెండున్నర సెకన్లు. అది చేరాక కూడా మన గూడ్స్ బ్రేకు సిలిండర్ నిండడానికి 18 నుంచి 30 సెకన్లు, వదలడానికి 45 నుంచి 60 సెకన్లు. ఇది లోపం కాదు, కావాలనే పెట్టింది. ముందు వ్యాగన్లు గబుక్కున ఆగితే వెనకవి వచ్చి గుద్దుతాయి. వదిలేటప్పుడు కథ తిరగబడుతుంది: ముందు భాగం వదిలేసింది, తోక ఇంకా పట్టుకునే ఉంది, అప్పుడే లోకో పైలట్ నాచ్ ఎక్కించి ఇంజిన్ లాగుడు పెంచితే ఎక్కడో ఒక నకుల్ విరుగుతుంది. ట్రెయిన్ పార్టింగ్, అంటే బండి దారిలో రెండు ముక్కలయ్యే కేసుల్లో ఇదొక పాత కారణం.

కరెంటు తీగ ఉంటే? అన్ని వ్యాగన్లకూ కబురు ఒక్కసారే అందుతుంది. దీన్నే ఈసీపీ బ్రేకు అంటారు, అంటే గాలి బ్రేకునే ఎలక్ట్రానిక్‌గా నడపడం. ఆస్ట్రేలియా ఇనుప ఖనిజం రైళ్లలో 230 వోల్టుల డీసీ కేబుల్‌తో ఇది నడుస్తోంది. అమెరికాలో 2015లో చమురు రైళ్లకు తప్పనిసరి చేశారు, 2018లో ఖర్చు లెక్కలు చూపి ఆ నిబంధనే ఎత్తేశారు.

దృశ్యం: రేకు చివర ఈఓటీటీ పెట్టె. ఎర్ర లైటు మినుకు మినుకు.

వాయిస్: తీగ లేకుండా మనం వేసిన అడ్డదారి ఈఓటీటీ, అంటే ఎండ్ ఆఫ్ ట్రెయిన్ టెలిమెట్రీ. ఆఖరి వ్యాగన్ కప్లర్‌కు ఒక పెట్టె తగిలించి, దాని గొట్టాన్ని బ్రేక్ పైపుకు కలుపుతారు. తోకలోని ఒత్తిడిని అది రేడియోలో ఇంజిన్‌కు పంపుతుంది. అవసరమైతే లోకో పైలట్ తోక నుంచి కూడా గాలి వదిలి బ్రేకు వేయగలడు. ఇరవయ్యో వ్యాగన్ దగ్గర మూసిన కాక్ కథ దీనితో చాలావరకు ముగుస్తుంది. కానీ అది చెప్పేది తోక సంగతే, మధ్య వ్యాగన్ల సంగతి కాదు.

మధ్య సంగతి పట్టాల పక్కన నిలబడి చూస్తున్నాం. హాట్ యాక్సిల్ బాక్స్ డిటెక్టర్ బేరింగ్ వేడి కొలుస్తుంది. వైల్డ్ అనే యంత్రం చక్రం పట్టాను ఎంత గట్టిగా కొడుతోందో చూసి, సగటుతో పోల్చి, చదునుపడిన చక్రాన్ని పట్టేస్తుంది. వ్యాగన్ మీది ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు నంబరు చెబుతుంది. అన్నీ మంచివే. చిక్కల్లా వ్యాగన్ ఆ యంత్రం ముందు నుంచి వెళ్లే క్షణంలోనే తెలుస్తుంది. అది దాటాక పది కిలోమీటర్లకు బేరింగ్ వేడెక్కితే తర్వాతి యంత్రం వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ వ్యవస్థకు కూడా దీనితో లింకుంది. మన లింగంపల్లి, వికారాబాద్, వాడీ వైపే దాని తొలి పరీక్షలు జరిగాయి. ఇంజిన్ ఎక్కడుందో కవచ్‌కు తెలుసు. రేకు మొత్తం వెనకే వస్తోందా, సగం తెగి దారిలో ఉండిపోయిందా అన్నది చెప్పాల్సింది ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్ల వంటి పట్టాల మీది యంత్రాలే. రైళ్లను ఇంకా దగ్గర దగ్గరగా నడపాలంటే ఆ మాట రైలే స్వయంగా చెప్పుకోవాలి.

దృశ్యం: బొగ్గు వ్యాగన్ టిప్లర్. వ్యాగన్ తిరగబడి బొగ్గు జారుతోంది.

వాయిస్: మరి డాక్‌ను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే? కుదరదు. షార్ఫెన్‌బర్గ్ తల మన నకుల్‌తో కలవదు. జపాన్ 1925 జులై 17న ఒక్కరోజు పెట్టుకుని కప్లర్లు మార్చేసింది. ఇప్పుడు మన దగ్గరున్న లక్షల వ్యాగన్లతో అది అయ్యే పని కాదు. పైగా యూరప్‌లోలా వ్యాగన్లను విడగొట్టి మళ్లీ కూర్చే పని మన రేకుల్లో తక్కువ. సింగరేణి బొగ్గు రేకు గని నుంచి థర్మల్ కేంద్రం దాకా ఒకే ముక్కగా వెళ్తుంది.

విడగొట్టేది వ్యాగన్‌ను తిరగేసి సరుకు దింపే టిప్లర్ యంత్రం దగ్గర. బాక్స్‌ఎన్ వ్యాగన్లను విడదీసి, తిరగేసి, మళ్లీ కలపాలి. ప్రతిసారీ గొట్టం విప్పాలి, కాక్ మూయాలి, తర్వాత అన్నీ వెనక్కి పెట్టాలి. చిరిగిన గొట్టాలు, వంగిన హ్యాండిళ్లు, మూసి మరిచిన యాంగిల్ కాక్‌లు ఎక్కువగా తేలేది ఇక్కడే. గాలి గొట్టం దానంతటదే కలిసే రెండో మెట్టు మనకు నిజంగా పనికొచ్చేది ఈ చోటే. అయితే కరెంటు కాంటాక్టులు ఇక్కడ బతకడం కష్టం. బొగ్గు పొడి, సిమెంటు దుమ్ము, వాన కలిస్తే పిన్నుల మీద పొర కడుతుంది, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మూత ఉన్న కాంటాక్టులు కావాలి, మూతను తుడిచే పని వ్యాగన్లను పరీక్షించే టీఎక్స్‌ఆర్ సిబ్బంది జాబితాలో చేరాలి. యార్డులో రాగి తీగ దొంగల పాలవకుండా ఎన్నాళ్లుంటుందో కూడా ఆలోచించాలి.

అందుకే మా లెక్క ప్రకారం మొదలుపెట్టాల్సింది కంటైనర్ రేకులతో. బీఎల్‌సీ అనే కంటైనర్ వ్యాగన్లు ఐదేసి చొప్పున డ్రాబార్ అనే ఇనుప కడ్డీతో శాశ్వతంగా కలిసే ఉంటాయి. 45 వ్యాగన్లకు యూనిట్లు తొమ్మిదే, వాటి మధ్య కలపాల్సిన చోట్లు ఎనిమిదే. లోపలి తీగ ఒకసారి వేస్తే చాలు. ఆ తర్వాత బాబ్‌ఆర్‌ఎన్ బొగ్గు రేకులు: అడుగు తలుపుల నుంచే ఖాళీ అవుతాయి, విడదీయనక్కర్లేదు.

అప్పుడు కూడా ఒక చిక్కు మిగులుతుంది. దారిలో ఒక యూనిట్ సిక్ అయితే, అంటే పాడైతే, పక్కకు తీసి దాని చోట పెట్టే యూనిట్‌కు కూడా అదే తీగ, అదే కాంటాక్టు ఉండాలి. పాత యూనిట్ ఒక్కటి మధ్యలో చేరినా దాని వెనకున్న వ్యాగన్లన్నీ మూగబోతాయి. కాబట్టి మరమ్మతు చేసే సిక్ లైన్లలో స్పేర్ యూనిట్లు ఎన్ని, ఏ యార్డులో ఉంచాలో ముందే తేల్చుకోవాలి. తీగ తెగినా బ్రేకు మామూలు గాలితో పడేలా, గాలి ఒత్తిడిని బట్టి బ్రేకు వేసే డిస్ట్రిబ్యూటర్ వాల్వును అలాగే ఉంచాలి.