ఈ టార్క్ రెంచ్ చక్రాలకు సరే, కాలిపర్ పిన్‌కి మాత్రం వద్దు

నమస్తే అండి. ఈరోజు బ్రేక్ పనులకని అమ్ముతున్న టార్క్ రెంచ్ చూద్దాం. అంటే మనం పెట్టిన బిగింపు రాగానే టక్‌మనే రెంచ్. దీన్ని కంపెనీవాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందు చూపించలేదు. సాకెట్ తగిలించే డ్రైవ్ హాఫ్ ఇంచ్, బిగింపు 28 నుంచి 210 న్యూటన్ మీటర్లు. మిగతా స్పెక్స్ మీరు చూసే ఉంటారు కాబట్టి నేరుగా బండి దగ్గరికి వెళ్దాం.

ముందు చక్రం. మా కారు మాన్యువల్‌లో వీల్ నట్‌కి 100 అని ఉంది. పిడి తిప్పి 100 దగ్గర పెట్టి, లాక్ చేశాను. ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుది. నిదానంగా లాగుతున్నా, వినండి... టక్! అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో! చేతికి కూడా తెలుస్తోంది. అక్కడితో ఆపేయాలి. ఇంకో రెండుసార్లు టక్ టక్ అనిపిస్తే ఇంకా భద్రం అనుకుంటారు కొందరు. అలా చేస్తే బిగింపు 100 దాటిపోతుంది.

బ్రేకుల వీడియోలో చక్రం నట్ల గోలేంటి అంటారేమో. చాలా కార్లలో బ్రేక్ డిస్క్‌ని హబ్‌కి, అంటే చక్రం కూర్చునే మధ్య భాగానికి, అదిమి పట్టేది ఆ నట్లే. టైర్ల షాపులో ఎయిర్ గన్ పెట్టి బర్రుమని ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించారనుకోండి, డిస్క్ తిన్నగా కూర్చోదు. తిరిగేటప్పుడు వెంట్రుకవాసి ఊగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకి ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అరుగుతుంది. హైవే మీద బ్రేక్ వేస్తే పెడల్ కాలిని తంతుంది. మా బండికి సరిగ్గా ఇదే జరిగింది. ఆ షాపువాళ్లు డిస్క్‌లు మార్చుకోమన్నారు తప్ప, గన్ సంగతి ఎత్తలేదు. అప్పట్నుంచి చక్రం ఎవరు విప్పినా గన్‌తో బిగించనివ్వను, చేత్తోనే.

ఇక నాకు ఒళ్లు మండిన విషయం. డబ్బా మీద ‘బ్రేక్ పనులకు’ అని పెద్దగా వేశారు. కాలిపర్ అంటే బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం, అది అటూ ఇటూ జరిగేది స్లైడ్ పిన్‌ల మీద. మా కారులో ఆ పిన్ బోల్ట్‌కి కావాల్సింది 30. అంటే స్కేల్‌లో అట్టడుగు. ఇలాంటి రెంచ్‌ని మొదటి 20 శాతంలో నమ్మకూడదు, ఇక్కడ అది 42 దాకా వస్తుంది. చూడండి, 30 పెట్టి లాగుతున్నా... వినిపించిందా? నాకూ వినిపించలేదు. పక్కన కంప్రెసర్ ఆడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. చిన్న బోల్ట్ అది. టక్‌మన్నది తెలియక ఇంకా లాగితే మర పోతుంది, లేదా బోల్ట్ సాగి తెగుతుంది. భయపడి వదులుగా వదిలేస్తే అదిరి అదిరి ఊడొస్తుంది, కాలిపర్ కదిలి చక్రానికి తగులుతుంది.

పైగా ఫుట్-పౌండ్ల స్కేల్ పెద్దక్షరాల్లో, న్యూటన్ మీటర్లు సన్నగా! తొందరలో పౌండ్ల వైపు 30 పెడితే అది దాదాపు 40 న్యూటన్ మీటర్లు. బిగింపుని సూదితో చూపించే నా పాత రెంచ్‌కి టక్ శబ్దం లేదు, మెడ వంచి చూసుకోవాలి. కానీ ఇలా మోసం చేయదు.

కాబట్టి వీల్ నట్లకి, కాలిపర్‌ని మోసే బ్రాకెట్ పెద్ద బోల్టులకి దీన్ని నిశ్చింతగా కొనండి. స్లైడ్ పిన్‌లకి మాత్రం 60 లోపు కొలిచే చిన్న రెంచ్ వేరే తీసుకోండి. కొన్నాక దీంతో బోల్టులు విప్పకండి. పని అయ్యాక 28కి దించి పెట్టండి, అంతకన్నా కిందికి తిప్పొద్దు.