ముసలి పిల్లి వాంతులు: స్టెరాయిడ్‌కు ముందు తేల్చుకోవాల్సింది

అందరికీ నమస్కారం. మీరంతా పిల్లుల్ని పెంచేవాళ్లే కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. పదేళ్లు దాటిన పిల్లి తరచూ వాంతి చేసుకుంటుంటే "బొచ్చు మింగింది, అంతే" అని వదిలేస్తాం. ఎప్పుడో ఒకసారి అయితే సరే. వారం వారం అవుతూ, దాంతోపాటు వీపు ఎముక చేతికి తగులుతుంటే మాత్రం ఆగకండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గడమే. నెలకోసారి తూకం వేసి రాసిపెట్టుకోండి. ఆకలి బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. ఇవాళ నేను చెప్పబోయే పేగు క్యాన్సర్‌లో కొన్ని పిల్లులు ఇంకా ఎక్కువ తింటాయి.

బక్కచిక్కిన ప్రతి పిల్లికీ క్యాన్సరేనా? కాదు. థైరాయిడ్, కిడ్నీ, షుగర్ జబ్బుల్లోనూ ఇలాగే అవుతుంది. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాత కడుపు స్కానింగ్.

పిల్లుల పేగుల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ లింఫోమా, అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం పిల్లుల ల్యుకేమియా వైరస్‌ను గుర్తించింది. అప్పట్లో లింఫోమా ఎక్కువగా ఆ వైరస్ సోకిన కుర్ర పిల్లుల్లో కనిపించేది. పరీక్షలు, టీకాలు వచ్చిన దేశాల్లో అది తగ్గి, వైరస్ లేని ముసలి పిల్లుల పేగుల్లో వచ్చే రకమే ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది.

ఇందులో చిన్న కణాలది నిదానంగా సాగుతుంది, పెద్ద కణాలది దూకుడుగా పెరుగుతుంది. చిక్కేమిటంటే, మొదటి రకానికీ మామూలు పేగు వాపుకీ స్కానింగ్‌లో తేడా దొరకదు. రెండింటిలోనూ పేగు గోడ మందంగానే కనిపిస్తుంది. బయాప్సీ, అంటే పేగు ముక్క తీసి పరీక్ష చేస్తే తప్ప తేలదు. గొట్టం లోపలికి పంపే ఎండోస్కోపీతో తీసే ముక్క పేగు లోపలి పొరదే, పైగా ఆ గొట్టం చిన్నపేగు మధ్యభాగం దాకా పోదు. జబ్బు తరచుగా ఉండేదేమో అక్కడే. పొట్ట తెరిచి గోడ మొత్తం మందాన ముక్క తీస్తే నమ్మకం ఎక్కువ, పిల్లికి శ్రమా ఎక్కువే.

బయాప్సీకి ముందే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు మొదలుపెడితే వాంతులు తగ్గి పిల్లి తేరుకున్నట్టే ఉంటుంది. కానీ ఆ తర్వాత తీసిన ముక్కలో జబ్బు దాక్కోవచ్చు, కీమో మందులకు లొంగకుండానూ పోవచ్చు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

చిన్న కణాల రకమని తేలితే భయపడకండి. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, క్లోరాంబుసిల్ అనే కీమో మందు మాత్రలు ఇంట్లోనే వేయొచ్చు. చాలా పిల్లులు రెండేళ్లు, అంతకు పైన కూడా హాయిగా బతుకుతాయి. క్లోరాంబుసిల్ మాత్రను విరగ్గొట్టొద్దు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, గర్భిణులు అసలు తాకొద్దు. మధ్యమధ్య రక్తకణాల లెక్క చూపించాలి. బీ12 విటమిన్ తగ్గి ఉంటే ఇంజెక్షన్లు ఇస్తాం. మనుషుల్లోలా జుట్టంతా ఊడదు, మీసాలు రాలొచ్చు. పెద్ద కణాల రకానికి ఇంజెక్షన్ల కీమో కావాలి. అయినా చాలావాటికి నెలల్లోనే లెక్క. లింఫోమా కాక, పేగు గ్రంథి కణాల్లో పుట్టే అడినోకార్సినోమా అనే క్యాన్సర్ గడ్డ అయితే, వ్యాపించకముందే ఆపరేషన్ చేయడం మేలు.

మత్తు తట్టుకోలేని పిల్లికో, ఖర్చు భరించలేని ఇంటికో బయాప్సీ లేకుండా స్టెరాయిడ్ ఇవ్వడం తప్పని అనను. ఏం వదులుకుంటున్నారో డాక్టర్‌ని అడిగి తెలుసుకుని ఒప్పుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.