అలోన్సోని ముంచింది వినీసియస్ కాదు!

అందరికీ నమస్కారం, వైజాగ్ నుంచి. 2026 జనవరిలో రియల్ మాడ్రిడ్ కోచ్ ఉద్యోగం పోయిన జాబీ అలోన్సో మీద వీడియో పెట్టమని ఒకటే అడుగుతున్నారు. పెడుతున్నా. "స్టార్ ఫార్వర్డ్ వినీసియస్‌తో పడలేదు, డ్రెస్సింగ్ రూమ్‌ని కంట్రోల్ చెయ్యలేకపోయాడు" అని ఎవడు చూసినా అదే పాట. పచ్చి అబద్ధం గురూ! రియల్ మాడ్రిడ్ అతనికి జాకా లాంటి, మధ్యలో నిలబడి ఆట నడిపే మిడ్‌ఫీల్డర్‌ని కొనిపెట్టలేదు. గొడవంతా అక్కడే ఉంది.

2025 అక్టోబర్ 26 క్లాసికో, అదే బార్సిలోనాతో మ్యాచ్, గుర్తుందిగా? 72వ నిమిషం. బోర్డు మీద తన నంబర్ పడగానే వినీసియస్ మొహం చూశారా? చేతులు విసురుకుంటూ, బెంచ్ వైపు కూడా రాకుండా, సరాసరి టన్నెల్లోకి. గెలుస్తున్న మ్యాచ్‌లో! 2-1తో గెలిచారు కూడా. తర్వాత క్షమాపణ పోస్టులో టీమ్‌మేట్స్ ఉన్నారు, ఫ్యాన్స్ ఉన్నారు, ప్రెసిడెంట్ ఉన్నాడు. కోచ్ పేరు మాత్రం లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ కోచ్ ఉద్యోగం పోయింది అందుకు కాదు.

మాడ్రిడ్‌కి ముందు అలోన్సో కోచ్‌గా చేసిన జర్మన్ జట్టు లెవర్కూజెన్ చూడండి. 2022 అక్టోబర్‌లో ఇతను చేరేటప్పటికి ఆ జట్టు టేబుల్లో కింద నుంచి రెండోది. అంతకుముందు ఇతను నడిపిన పెద్దవాళ్ళ జట్టు రియల్ సోసియెదాద్ బి ఒక్కటే. 2023 వేసవిలో ఆర్సెనల్ నుంచి ముప్పై ఏళ్ల జాకాని తెచ్చుకున్నాడు. ఆ సీజన్ జర్మన్ లీగ్ బుండెస్‌లీగాలో 34 మ్యాచ్‌లు, 28 గెలుపులు, 6 డ్రాలు, ఒక్క ఓటమి లేదు! జర్మన్ కప్ ఫైనల్లో ఉన్న ఒకే ఒక్క గోల్ ఎవరిది? జాకాది!

అలోన్సో ఆడే రోజుల్లో చేసిన పని కూడా అదే. మధ్యలో నిలబడి మైదానం మొత్తం చూడ్డం. లివర్‌పూల్‌లో ఉన్నప్పుడు సొంత సగం నుంచి గోల్ కొట్టాడు, అదీ రెండుసార్లు! 2006 జనవరిలో లూటన్ మీద, సెప్టెంబర్‌లో న్యూకాసిల్ మీద. లూటన్ గోల్ తీసి చూడండి. కీపర్ కార్నర్ కోసం పైకొచ్చేశాడు, పోస్ట్ ఖాళీ. అది చూసి అక్కణ్ణుంచే లేపాడు. అబ్బా, ఏం కొట్టాడు! ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

అలాంటివాడి చేతికి ఏమిచ్చారు? మాడ్రిడ్‌లో మధ్యలో ఆట నడిపినవాళ్ళలో 2024లో క్రూస్ రిటైరైపోయాడు, 2025లో మోడ్రిచ్ మిలాన్ వెళ్ళిపోయాడు. ఆ వేసవిలో మాడ్రిడ్ తెచ్చింది ఎవర్ని? అలెగ్జాండర్-ఆర్నాల్డ్, హౌసెన్, కారెరాస్: ముగ్గురూ డిఫెండర్లు. ఇంకొకడు మస్తాంతువోనో, అటాకింగ్ ఆడే టీనేజ్ కుర్రాడు. మరి మిడ్‌ఫీల్డ్‌లో ఆటని నడిపేవాడేడి? పొద్దున్నే మన ఏయూ ఇంజినీరింగ్ కాలేజ్ గ్రౌండ్‌కి వెళ్ళండి. అందరూ ముందుకెళ్ళి గోల్ కొట్టేవాళ్ళే, మధ్యలో బంతి పట్టుకుని తలెత్తి చూసేవాడు ఒక్కడుండడు. మాడ్రిడ్ పరిస్థితి అచ్చం అదే. అది బెంచ్ మీద కూర్చున్న అలోన్సోకి అందరికంటే ముందు కనిపించి ఉంటుంది. చూస్తూ కూర్చోడం తప్ప ఏం చేస్తాడు పాపం, బూట్లు వేసుకుని దిగలేడుగా!

2026 జనవరి 11న సౌదీలోని జెడ్డాలో స్పానిష్ సూపర్ కప్ ఫైనల్. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది. బార్సిలోనా చేతిలో 3-2. మర్నాడే పంపించేశారు. ప్రకటనలో పరస్పర అంగీకారం అని రాసుకున్నారు. సగం సీజన్‌కే! ఇక్కడ మనం భోగి మంటలు కూడా వెయ్యలేదు, అక్కడ ఆర్బెలోవాని కోచ్ కుర్చీలో కూర్చోబెట్టేశారు.

సరే, తప్పంతా అలోన్సోదే అనుకుందాం. అతను పోయాడుగా, జట్టు బాగుపడాలి కదా? జనవరి 14, స్పెయిన్ కప్ టోర్నీ కోపా దెల్ రే, కొత్త కోచ్‌కి మొదటి మ్యాచ్. ఎదురుగా సెకండ్ డివిజన్ జట్టు అల్బసెతే. స్కోరు 3-2, గెలిచింది అల్బసెతే! కోచ్‌ని మార్చారు, మిడ్‌ఫీల్డ్ అదే. ఇప్పుడు కామెంట్స్‌లోకి రండి. వినీసియస్ వల్లే అనేవాళ్ళు ఆ అల్బసెతే మ్యాచ్‌కి నాకు జవాబు చెప్పండి.