పడవలో సీసం ఎందుకు వేస్తారంటే

హాయ్ అందరికీ, నా వెనకాల కనబడుతోందే, అదే 15 అడుగుల పడవ, చిన్న క్యాబిన్, ఒక తెరచాప, వైజాగ్‌లో మా ఇంటి కార్‌షెడ్‌లోనే కడుతున్నా. ప్లై ముక్కల్ని రాగి తీగతో కుట్టి ఎపాక్సీ జిగురు పెట్టడం కిందటి వీడియోలో చూశారు, మళ్ళీ చెప్పను. ఈరోజు ఒక్కటే సంగతి. షెడ్‌లోకి ఎవరొచ్చినా ఈ సీసం దిమ్మలు చూసి "ఏటి బాబూ, పడవ ముంచడానికా ఇవి?" అంటున్నారు. 150 కిలోలు. విని విని చిరాకేస్తోంది, ఎందుకంటే ఈ పడవకి ప్రాణమే ఆ సీసం.

మునగడం సంగతి ముందు తేల్చేద్దాం. పడవ, సీసం, ఇద్దరు మనుషులు, సామాను అన్నీ కలిపి 500 కిలోలు అనుకోండి. సముద్రపు నీరు లీటరు దాదాపు 1.025 కిలోలు తూగుతుంది, అంటే ఓ 488 లీటర్ల నీళ్ళని పక్కకి తోస్తే చాలు, తేలుతుంది. మన హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో, అప్పట్లో సింధియా షిప్‌యార్డ్ అనేవారు, 1948లో జలఉష నీళ్ళలోకి దిగింది, అంత ఉక్కు ఓడ తేలడం చూసిన ఊరు మనది, అయినా చెక్క పడవలో సీసం అనేసరికి భయం!

ఇదిగో తంజావూరు బొమ్మ. వేలితో పడగొడతా చూడండి... లేచింది. అడుగున మట్టి బరువు, పైనంతా గుల్ల. తెరచాపకి కొట్టే గాలి నా వేలు, పడవ అడుగున వేసే సీసం ఆ మట్టి. క్యాబిన్ లేని చిన్న పడవైతే గాలి వచ్చే వైపు అంచు మీద మనమే కూర్చుని బయటికి వాలతాం, మన ఒళ్ళే బరువు. లోపల పడుకుని నిద్రపోయేవాడు ఎక్కడ వాలతాడు చెప్పండి.

ఇప్పుడు బొమ్మ నెత్తిన ఈ పెద్ద నట్టు అతికించా. తోస్తే... పడుకుండిపోయింది. క్యాబిన్ కప్పుకి టేకు పలకలు వేస్తే ఇదే అవుద్ది. టేకంటే నాకూ ఇష్టమే గానీ, పైన పెరిగే ప్రతి కిలో కింద సీసం చేసే పనిని తినేస్తుంది. అందుకే కప్పుకి 6 ఎంఎం మెరైన్ ప్లై, మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం, లోపల గుల్ల.

ఇంకో బొమ్మ, మా అమ్మది, పాతది. లోపల మట్టి ఊడిపోయింది, ఊపితే లొడలొడమంటుంది వినండి, ఏ పక్క పడితే ఆ పక్కే ఉండిపోతుంది. ఇసుక బస్తాలు ఊరికే వేసేస్తే చాలదా అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు, పడవ ఒరిగిన వైపుకే బరువు జారిందంటే ఇంక లేవదు. అందుకే ప్రతి దిమ్మకీ అడ్డంగా పట్టీ, స్టెయిన్‌లెస్ బోల్టులు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. సీసం ఇంట్లో కరిగించొద్దు, ఆ పొగ విషం, పాత బ్యాటరీల జోలికి అసలే వెళ్ళొద్దు, పోత పోసిన దిమ్మలే కొనండి. మన తేమకి ఎపాక్సీ ఆరాక పైన జిడ్డు పొర కడుతుంది, నీళ్ళతో కడిగి శాండ్‌పేపర్ పట్టాకే రెండో కోటు. బొమ్మకి చిల్లు పడి నీళ్ళు నిండినా లేవదు, కాబట్టి క్యాబిన్ తలుపు చుట్టూ రబ్బరు బీడింగ్ తప్పనిసరి. అది అవగానే అలల్లేని చోట దించి, మాస్టు కొనకి తాడు కట్టి నీళ్ళకి తగిలేదాకా వంచి వదిలేస్తా, లేస్తుందో లేదో మీరే చూద్దురు.